వస్తే అన్నచోట విల్ రాదు

"ఇది జరిగితే అది జరుగుతుంది" అని ఇంగ్లిష్‌లో చెప్పే వాక్యాన్ని ఫస్ట్ కండిషనల్ అంటారు. అది ఎలా కట్టాలి అని అడిగితే మన దగ్గర టెన్త్ దాటినవాళ్ళు చాలామంది ఫార్ములా గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తారు. ఇఫ్ ప్లస్ సింపుల్ ప్రెజెంట్, కామా, సబ్జెక్ట్ ప్లస్ విల్ ప్లస్ వీవన్ (క్రియ మొదటి రూపం). పరీక్షలో ఖాళీ పూరించమంటే పూరిస్తారు, మార్కు కూడా పడుతుంది. అదే మనిషి క్లాసు బయటికొచ్చి ఫోన్‌లో మాట్లాడుతుంటే వినండి, "ఇఫ్ ఐ విల్ రీచ్ ఎర్లీ, ఐ విల్ కాల్ యూ" అంటాడు. ఫార్ములా నోట్‌బుక్‌లోనే ఉండిపోయింది, నోటిదాకా రాలేదు.

సాయంత్రం పూట స్పోకెన్ ఇంగ్లిష్ చెప్తుంటాను కాబట్టి ఈ వాక్యం నా చెవికి బాగా అలవాటు. బీటెక్ ఆఖరి సంవత్సరం పిల్లలు, బయటి దేశాలకి వెళ్ళాలనుకునే నర్సులు, పిల్లల స్కూల్లో పేరెంట్స్ మీటింగ్‌కి టెన్షన్ పడే అమ్మలు, అందరి నోటా ఇదే. వీళ్ళకి తెలివి తక్కువై కాదు, నిజానికి వాళ్ళు తర్కంగా ఆలోచించడం వల్లే ఈ తప్పు వస్తోందని నాకనిపిస్తుంది. చిన్నప్పటి నుంచి మనకి చెప్పిందేంటి, జరగబోయేదానికి విల్ పెట్టాలి అని. వాన రేపు పడాలి, రేపు అంటే భవిష్యత్తు, కాబట్టి "ఇఫ్ ఇట్ విల్ రైన్ టుమారో". ఇందులో లాజిక్ ఎక్కడ తప్పింది చెప్పండి. ఎందుకు సార్ అని అడిగితే "ఇఫ్ పక్కన విల్ రాకూడదు, రూల్ అంతే" అని నోరు మూయించడం మన క్లాసుల్లో మామూలే.

ఆ రూల్‌ని గట్టిగా పట్టుకున్నవాళ్ళకి ఇంకో ప్రమాదం ఉంది. ఇఫ్ కనిపించగానే విల్ కొట్టేస్తారు. "వాడు రేపు వస్తాడో లేదో నాకు తెలీదు" అన్నదాన్ని "ఐ డోంట్ నో ఇఫ్ హీ కమ్స్ టుమారో" అని రాసి, రూల్ పాటించాం కదా అని ధీమాగా చూస్తారు. అక్కడ "ఇఫ్ హీ విల్ కమ్" అనాలి. అంటే ఇఫ్ పక్కన విల్ శుభ్రంగా వచ్చే చోట్లు కూడా ఉన్నాయి. మరి ఎప్పుడు రావాలి, ఎప్పుడు రాకూడదు?

దీనికి జవాబు ఇంగ్లిష్ గ్రామర్ పుస్తకంలో వెతకడం కంటే మన నోట్లో వెతకడం తేలిక. వస్తే అనే మాట చూడండి. నేను వస్తే, నువ్వు వస్తే, వాడు వస్తే, వాళ్ళు వస్తే. ఎవరొచ్చినా వస్తే అనే అంటాం, అది మారదు. అదే వాక్యం చివర్లో వచ్చే క్రియ మాత్రం మనిషిని బట్టి మారుతుంది, వస్తాను, వస్తావు, వస్తాడు, వస్తారు. పూర్తయిన క్రియకి చివర మనిషి ముద్ర ఉంటుంది, పూర్తి కాని క్రియకి ఆ ముద్ర ఉండదు. వస్తే అనేదానికి కాలం కూడా లేదు. "నిన్న అడిగితే చెప్పాను", "రేపు అడిగితే చెప్తాను", "అప్పుడే అడిగితే చెప్పేవాణ్ణి", మూడింటిలోనూ అడిగితే ఒక్కటే. నిన్నా రేపూ అన్న సంగతి మొత్తం చివరి క్రియ మోస్తోంది. (మొదటి వాక్యాన్ని మాత్రం ఇఫ్‌తో మొదలుపెట్టకండి, అక్కడ వాడు నిజంగానే అడిగాడు, నేను నిజంగానే చెప్పాను, కాబట్టి "వెన్ హీ ఆస్క్డ్, ఐ టోల్డ్ హిమ్".)

ఇప్పుడు పరీక్ష. ఇంగ్లిష్‌లో ఇఫ్ తర్వాత చెప్పబోయే ముక్కని ముందు తెలుగులో అనుకోండి. ఆ ముక్కలో క్రియకి మనిషి ముద్ర లేకపోతే ఇంగ్లిష్‌లో విల్ పెట్టకండి, ముద్ర ఉంటే పెట్టండి. వస్తే, ముద్ర లేదు, ఇఫ్ హీ కమ్స్. వస్తాడో లేదో, చివర డు ఉంది, ఇఫ్ హీ విల్ కమ్. నా బ్యాచుల్లో ఫార్ములా కంటే ముందు ఇదే చెప్తాను, చాలామందికి ఆ రోజే పట్టుబడుతుంది.

బాధేంటంటే ఈ సరుకంతా మన తెలుగు వాచకంలోనే ఉంది. పూర్తయినది సమాపక క్రియ, పూర్తి కానిది అసమాపక క్రియ అని, వచ్చి అంటే క్త్వార్థకం, వస్తూ అంటే శత్రర్థకం, వస్తే అంటే చేదర్థకం, వచ్చినా అంటే అప్యర్థకం అని హైస్కూల్లో చదివినవాళ్ళే వీళ్ళంతా. తెలుగు సార్ చేదర్థకం చెప్పి వెళ్ళిపోతారు, తర్వాతి పీరియడ్‌లో ఇంగ్లిష్ సార్ వచ్చి ఇఫ్ క్లాజ్ చెప్తారు, ఇద్దరూ ఒకే విషయం చెప్పారని పిల్లలకి ఎవరూ చెప్పరు. పేర్లు సంస్కృతంలో ఉండటం వల్ల అవి పరీక్ష కోసం బట్టీ పట్టేవిగా మిగిలాయి గానీ, లోపలున్నది రోజూ మనం మాట్లాడేదే.

ఈ పరీక్ష ఒక్క ఇఫ్‌కే కాదు, టైమ్ చెప్పే మాటలన్నిటికీ పనికొస్తుంది. వాడు వచ్చాక, ఆఫ్టర్ హీ కమ్స్. వాడు రాగానే, ఆజ్ సూన్ ఆజ్ హీ కమ్స్. వచ్చేదాకా, అన్‌టిల్ హీ కమ్స్. వచ్చేముందు, బిఫోర్ హీ కమ్స్. వచ్చేలోపు, బై ద టైమ్ హీ కమ్స్. వచ్చినా, ఈవెన్ ఇఫ్ హీ కమ్స్. వీటిలో ఎక్కడా డు లేదు, ఎక్కడా విల్ లేదు. ఇంగ్లిష్ పుస్తకాల్లో ఇది ఒక చోట కండిషనల్స్ అనే పాఠంగా, ఇంకో చోట టైమ్ క్లాజెస్ అనే పాఠంగా విడిగా ఉండటంతో రెండు రూల్స్ అనుకుంటారు. "వాడు ఎప్పుడు వస్తాడో తెలీదు" అంటే మాత్రం వస్తాడో అని ముద్ర వచ్చింది కాబట్టి "ఐ డోంట్ నో వెన్ హీ విల్ కమ్". "వాడు వచ్చినప్పుడు చెప్తా" అంటే "ఐ విల్ టెల్ యూ వెన్ హీ కమ్స్". రెండు చోట్లా వెన్ ఒకటే, విల్ మాత్రం ఒక చోటే.

ఒక చిన్న హెచ్చరిక. వస్తే ఎవరికైనా మారదు గానీ ఇంగ్లిష్ కమ్ అలా కాదు, హీ, షీ, ఇట్ పక్కన కమ్స్ అవుతుంది. మన వస్తే అలవాటు మీద "ఇఫ్ హీ కమ్" అని వదిలేస్తారు. విల్ తీసేశాక ఆ ఎస్ సంగతి గుర్తుంచుకోవాలి. రాకపోతే అన్నప్పుడు "ఇఫ్ హీ డజంట్ కమ్", డోంట్ కాదు.

అసలు ఇంగ్లిష్‌లో ఇలా ఎందుకయింది అంటే, పాత ఇంగ్లిష్‌లో భవిష్యత్తుకి వేరే క్రియారూపం లేదు. ప్రెజెంట్ అని మనం పిలిచేదే రేపటికీ సరిపోయేది. మనకీ అంతే కదా, "రోజూ వస్తాను" అన్నా "రేపు వస్తాను" అన్నా వస్తాను ఒకటే. ఇప్పటికీ "ద ట్రెయిన్ లీవ్స్ ఎట్ సిక్స్ టుమారో" అంటారు, రేపటి సంగతైనా విల్ లేకుండా. ఇఫ్ క్లాజ్‌లో ఆ పాత పద్ధతే మిగిలిపోయింది. విల్ అనేది మొదట్లో కోరుకోవడం, ఇష్టపడటం అనే అర్థమున్న క్రియ, ఆస్తి ఎవరికి చెందాలో రాసే విల్లు కూడా ఆ వంశమే. తర్వాత్తర్వాత అది భవిష్యత్తుకి గుర్తుగా మారింది గానీ ఆ ఇష్టం వాసన పూర్తిగా పోలేదు.

ఆ వాసన ఎక్కడ బయటపడుతుందంటే సరిగ్గా ఇఫ్ పక్కనే. "ఇఫ్ యూ విల్ వెయిట్ హియర్, ఐ విల్ కాల్ ద డాక్టర్" అని రిసెప్షన్‌లో ఒక అమ్మాయి అంటే అది తప్పు కాదు, "మీరు కాస్త ఇక్కడ కూర్చుంటానంటే" అని మర్యాదగా అడగడం. "ఇఫ్ యూ విల్ కమ్ విత్ మీ, ఐ విల్ గో" అంటే "నువ్వు తోడొస్తానంటే నేను వెళ్తా". చూశారా, ఇక్కడ తెలుగులో కూడా వస్తే అనకుండా వస్తానంటే అన్నాం, లోపల వస్తాను అని మనిషి ముద్ర ఉన్న క్రియ ఉంది. "ఇఫ్ ఇట్ విల్ హెల్ప్, ఐ విల్ టాక్ టు యువర్ ఫాదర్" అనేది కూడా ఇలాంటిదే, "ఉపయోగం ఉంటుందంటే మీ నాన్నతో నేను మాట్లాడతా". గ్రామర్ పుస్తకాల్లో వీటిని మినహాయింపులు అని వెనక పేజీల్లో చిన్న అక్షరాల్లో పెడతారు, మన పరీక్షకి అవి మినహాయింపులే కావు.

అలాగని ఈ పరీక్ష అన్నిచోట్లా పనిచేస్తుందని చెప్పను, రెండు చోట్ల బోల్తా కొడుతుంది. ఒకటి, "రేపు మాట్లాడే ఆయన" లాంటివి. మాట్లాడే అనేదానికి మనిషి ముద్ర లేదు, అయినా ఇంగ్లిష్‌లో "ద మ్యాన్ హూ విల్ స్పీక్ టుమారో" అనే అంటారు. కాబట్టి హూ, విచ్, దట్‌లతో మనిషినో వస్తువునో వర్ణించే చోట దీన్ని వాడొద్దు. రెండోది ఇన్ కేస్. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇన్ కేస్‌ని మనవాళ్ళు వాడినంత విచ్చలవిడిగా ఇంకెవరూ వాడరేమో.

"టేక్ ఆన్ అంబ్రెల్లా ఇఫ్ ఇట్ రైన్స్", "టేక్ ఆన్ అంబ్రెల్లా ఇన్ కేస్ ఇట్ రైన్స్", రెండూ ఒకటే అనుకుంటాం. మొదటిది వాన పడితే గొడుగు తీసుకెళ్ళు, అంటే వాన మొదలయ్యాక తీసుకో, పడకపోతే అక్కర్లేదు. రెండోది వాన పడుతుందేమో, ఎందుకైనా మంచిది, ఇప్పుడే తీసుకెళ్ళు. మన ఏమో అనేది ఇన్ కేస్‌కి అచ్చంగా సరిపోతుంది. కానీ పడుతుందేమోలో పడుతుంది అని పూర్తి క్రియ ఉంది, అయినా ఇంగ్లిష్‌లో విల్ రాదు, ఇన్ కేస్ ఇట్ రైన్స్ అనే అంటారు. ఇదొక్కటి విడిగా గుర్తుపెట్టుకోవాల్సిందే.

ఇక మన ఆఫీసుల్లో కాల్స్ వింటే "సపోజ్ ఇఫ్ ద సర్వర్ గోస్ డౌన్", "ఇన్ కేస్ ఇఫ్ హీ డజంట్ కమ్" అని జంట మాటలు వినిపిస్తూనే ఉంటాయి. ఇవి ఎక్కణ్ణుంచి వచ్చాయో ఊహించడం కష్టం కాదు. తెలుగులో "ఒకవేళ వాడు రాకపోతే" అంటాం. ఒకవేళ ఉంది, దాంతోపాటు చివర తే కూడా ఉంది. ఒకవేళ పెట్టామని తే తీసేయం, రెండూ ఉండాల్సిందే. ఇంగ్లిష్‌లో సపోజ్ గానీ ఇఫ్ గానీ ఏదో ఒకటే పని చేస్తుంది, రెండో దానికి అక్కడ పని లేదు. సపోజ్ ద సర్వర్ గోస్ డౌన్, లేదా ఇఫ్ ద సర్వర్ గోస్ డౌన్. ఒకవేళలోని ఆ అనుమానం కూడా చెప్పాలంటే "ఇఫ్ ద సర్వర్ షుడ్ గో డౌన్" అనొచ్చు, కొంచెం పుస్తకాల భాషలా ఉంటుంది గానీ తప్పు లేదు. హోటళ్ళ ఉత్తరాల్లో "షుడ్ యూ నీడ్ ఎనీథింగ్" అని ఇఫ్ లేకుండా మొదలయ్యే వాక్యం ఇదే.

అన్‌లెస్ దగ్గరా ఇదే రకం డబుల్. "అన్‌లెస్ యూ డోంట్ పే, వీ విల్ నాట్ స్టార్ట్ ద వర్క్" అని రాస్తారు, అంటే డబ్బు కడితే పని మొదలుపెట్టం అని చెప్పినట్టు. అన్‌లెస్‌లోనే లేకపోతే అనే అర్థం ఉంది. "అడగందే అమ్మైనా పెట్టదు" అనే సామెత గుర్తుంచుకుంటే చాలు, అడగందే అన్న ఒక్క మాట "అన్‌లెస్ యూ ఆస్క్", అక్కడ ఇంకో నాట్ అవసరం లేదు. "నువ్వు వస్తే తప్ప నేను రాను" అన్నా అంతే, "ఐ వోంట్ కమ్ అన్‌లెస్ యూ కమ్".

ఫార్ములా ఇంకో అన్యాయం కూడా చేస్తుంది. ఇఫ్ వైపు సింపుల్ ప్రెజెంట్ మాత్రమే రావాలన్నట్టు చెప్తుంది. "తినడం అయిపోతే చెయ్యి కడుక్కో", ఇఫ్ యూ హ్యావ్ ఫినిష్డ్ ఈటింగ్. "ఇప్పుడు డ్రైవ్ చేస్తుంటే తర్వాత మాట్లాడదాం", ఇఫ్ యూ ఆర్ డ్రైవింగ్, వీ కెన్ టాక్ లేటర్. నాకు బాగా నచ్చేది ఇంకోటుంది. "లేటయితే ఫోన్ చెయ్" అనడానికీ "లేటయ్యేట్టుంటే ఫోన్ చెయ్" అనడానికీ తేడా మనకి తెలుసు. మొదటిదాన్ని అక్షరాలా పట్టుకుంటే లేటయిపోయాక చేసినా చాలు, రెండో దాంట్లో లేటవుతుందని తెలియగానే ముందే చేయాలి, ఇంటి దగ్గర వంట చేసి కూర్చున్నవాళ్ళకి ఆ తేడా ఎంతో. ఇంగ్లిష్‌లో రెండోది "ఇఫ్ యూ ఆర్ గోయింగ్ టు బి లేట్, కాల్ మీ". అయ్యేట్టుంటే, వచ్చేట్టుంటే, మానేసేట్టుంటే అని నోటికొస్తే గోయింగ్ టు వాడండి. విల్ అవసరం అనిపించే చాలాచోట్ల నిజానికి మనసులో ఉన్నది ఇదే.

రెండోవైపు, అంటే ఫలితం చెప్పే వైపు కూడా విల్ ఒక్కటే కాదు. పైన రాసిన వాక్యాల్లోనే సగం చోట్ల చెయ్, కడుక్కో, మాట్లాడదాం అని ఉంది. ఆజ్ఞ ఇవ్వొచ్చు, కెన్, మే, మైట్, మస్ట్, షుడ్ ఏదైనా రావొచ్చు. "ఇఫ్ యూ లీవ్ నౌ, యూ మైట్ క్యాచ్ ద లాస్ట్ బస్", ఇప్పుడు బయల్దేరితే ఆఖరి బస్సు దొరికినా దొరకొచ్చు. ఇక్కడ విల్ పెడితే దొరికి తీరుతుందని గ్యారంటీ ఇచ్చినట్టు. మన నగరాల ట్రాఫిక్ చూశాక అలాంటి గ్యారంటీ నేనైతే ఇవ్వను.

అసలు మనుషులు ఈ వాక్యాన్ని దేనికి వాడతారని గమనిస్తే ఎక్కువగా బెదిరింపులు, వాగ్దానాలు, బేరాలు. "చదువుకోకపోతే గేదెలు కాసుకోవాల్సొస్తుంది" అని వినకుండా పెరిగిన తెలుగు పిల్లలు ఎవరైనా ఉన్నారా? "ఇఫ్ యూ డోంట్ స్టడీ, యూ విల్ ఎండ్ అప్ హెర్డింగ్ బఫెలోస్", మచ్చలేని ఫస్ట్ కండిషనల్. (పాడి మీద ఇప్పుడొచ్చే ఆదాయం చూస్తే ఆ బెదిరింపులో పస తగ్గిందనుకోండి, అది వేరే సంగతి.) ఫస్ట్ ర్యాంక్ వస్తే సైకిల్ కొనిస్తా, రెండు కేజీలు తీసుకుంటే పది తగ్గిస్తా, ఇంకోసారి అరిస్తే లోపల పడేస్తా. పాఠ్యపుస్తకాల్లో ఎప్పుడూ వాన పడితే ఇంట్లో ఉంటాను అనే నీరసపు ఉదాహరణే ఎందుకిస్తారో నాకర్థం కాదు, పిల్లలకి బెదిరింపులూ బేరాలూ ఇస్తే అరగంటలో వాక్యం నోటికెక్కుతుంది. క్లాసులో ఇద్దరిద్దర్ని కూర్చోబెట్టి ఒకరు అమ్మే మనిషి, ఒకరు కొనే మనిషి అంటే చాలు, ఫార్ములా బోర్డు మీద రాయకుండానే పని జరిగిపోతుంది.

"కాకి అరిస్తే చుట్టాలొస్తారు" లాంటివి ఏ కండిషనల్ సార్ అని అడుగుతుంటారు. ఎప్పుడూ జరిగేదిగా చెప్తే జీరో కండిషనల్, "ఇఫ్ ఎ క్రో కాస్, గెస్ట్స్ కమ్". ఇదిగో ఈ కాకి ఇప్పుడు అరిచేట్టుంది, అరిస్తే ఇవాళ మా అత్తయ్య దిగుతుంది అని ఒక సందర్భానికి చెప్తే విల్. తెలుగులో వస్తారు అనేది రెండింటికీ సరిపోతుంది కాబట్టి మనకి ఈ గీత కనిపించదు. చాలా వాక్యాల్లో ఏది వాడినా చెల్లుతుంది, దీని మీద నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు.

నిద్ర పాడుచేసుకోవాల్సింది ఇఫ్‌కీ వెన్‌కీ తేడా దగ్గర. మన తే అనేది అనుమానానికీ వాడతాం, ఖాయంగా జరిగేదానికీ వాడతాం. "తెల్లారితే పెళ్ళి" అంటాం, తెల్లారుతుందో లేదో అని ఎవరికీ అనుమానం లేదు. "వచ్చే నెలొస్తే వాడికి పదేళ్ళు నిండుతాయి", నెల రాకుండా ఎక్కడికి పోతుంది. దీన్ని ఇఫ్‌తో చెప్తే ఇంగ్లిష్ వాళ్ళకి గుండె గుభేల్మంటుంది. రాత్రి బస్సెక్కిన అబ్బాయి "ఇఫ్ ఐ రీచ్ హోమ్, ఐ విల్ కాల్ యూ" అని మెసేజ్ పెడితే, చేరతాడో లేదో వాడికే నమ్మకం లేనట్టు ధ్వనిస్తుంది. చేరేది ఖాయమైతే వెన్. తెలుగులో తే బదులు "చేరాక" అని మార్చి చూసి, అర్థం చెడకపోతే వెన్ వాడేయండి.

జరగదులే అనుకుంటూ ఊహించి చెప్పే సెకండ్ కండిషనల్‌తో తికమక మాత్రం తెలుగు పరీక్షతో పూర్తిగా తీరదు. "లాటరీ తగిలితే ఇల్లు కొంటా" అని మనం ఒకటే అంటాం. టికెట్ జేబులో ఉండి ఆశ గట్టిగా ఉన్నవాడు "ఇఫ్ ఐ విన్, ఐ విల్ బై ఎ హౌస్" అనొచ్చు, టికెట్టే కొననివాడు "ఇఫ్ ఐ వన్, ఐ వుడ్ బై" అంటాడు. ఇద్దరిలో ఎవరికి ఎంత నమ్మకముందో ఇంగ్లిష్ క్రియ బయటపెట్టేస్తుంది. ఉద్యోగం ఇంటర్వ్యూలో ఇది అక్కరకొస్తుంది, "ఇఫ్ ఐ జాయిన్ యువర్ టీమ్, ఐ విల్" అంటే వచ్చే అవకాశం ఉందని మాట్లాడుతున్నట్టు, "ఇఫ్ ఐ జాయిన్డ్, ఐ వుడ్" అంటే వినయంగా ఒక అడుగు వెనక్కేసినట్టు. రెండూ సరైనవే, కానీ ఒక వాక్యంలో సగం ఇదీ సగం అదీ కలిపి "ఇఫ్ ఐ జాయిన్డ్, ఐ విల్" అనకండి.

బయటి దేశాలకి వెళ్ళడానికి ఐఎల్టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్ష రాసేవాళ్ళు దీని గురించి ఎక్కువ అడుగుతారు. స్పీకింగ్ పరీక్ష 11 నుంచి 14 నిమిషాలు, మార్కులేసే నాలుగు అంశాల్లో గ్రామర్ ఒకటి. అందులో వాక్యాల్లో వైవిధ్యం, తప్పులు లేకపోవడం, రెండూ చూస్తారు. దాంతో కోచింగ్ సెంటర్లలో ప్రతి జవాబులో ఒక ఇఫ్ ఇరికించమని నేర్పుతారు, అలా ఇరికించింది వినగానే తెలిసిపోతుంది. మూడో భాగంలో ఊళ్ళ గురించి, చదువుల గురించి, ప్రభుత్వం ఏం చేయాలనే దాని గురించి ప్రశ్నలొస్తాయి కాబట్టి ఇఫ్ దానంతటదే వస్తుంది. "ఇఫ్ ద గవర్నమెంట్ విల్ బిల్డ్ మోర్ రోడ్స్" అనకుండా ఉంటే చాలు. రాసేటప్పుడు కామా గోల ఒకటి: ఇఫ్ ముక్క ముందొస్తే మధ్యలో కామా, వెనకొస్తే అక్కర్లేదు.

ఈమెయిల్స్‌లో "ఇఫ్ యూ విల్ సెండ్ ద ఫైల్ బై ఈవెనింగ్, ఐ విల్ ఫినిష్ ఇట్ టుడే" అని రాస్తే చదివేవాళ్ళు చాలామంది అర్థం చేసుకుని వదిలేస్తారు, కానీ పైన చెప్పిన ఇష్టం వాసన వల్ల "పంపడానికి మీరు ఒప్పుకుంటే" అన్నట్టు వినిపించే అవకాశముంది. "ఇఫ్ యూ సెండ్ ద ఫైల్" అంటే మామూలు మాట. మర్యాద ఎక్కువ కావాలంటే "ఐ వుడ్ బి గ్రేట్‌ఫుల్ ఇఫ్ యూ కుడ్ సెండ్ ద ఫైల్". మర్యాద కోసం కదా అని "ఐ విల్ బి గ్రేట్‌ఫుల్ ఇఫ్ యూ విల్" అని రెండు విల్‌లు పెట్టొద్దు.

పలికేటప్పుడు ఇంకో సంగతి. ఇంగ్లిష్ సినిమాలు చూసేటప్పుడు "విల్ వినబడటం లేదేంటి సార్" అంటారు. వాళ్ళు ఐ విల్ అని విడదీసి అనరు, అయిల్, యూల్, హీల్ అని చివర్లో ఒక ల్ తగిలించి వదిలేస్తారు. వినడం అలవాటయ్యేదాకా ఆ ల్ కోసం చెవి పెట్టాలి. కాదు అనే వైపు ఇంకా జాగ్రత్త కావాలి. వోంట్ అన్నప్పుడు పెదాలు గుండ్రంగా చుట్టి ఓ అని సాగదీయాలి, వాంట్‌లో ఆ సాగతీత లేదు. మనం కంగారులో రెండింటినీ ఒకేలా అనేస్తాం. ఇంటి ఓనర్‌కి ఫోన్ చేసి "ఇఫ్ యూ డోంట్ రిపేర్ ద మోటర్, ఐ వోంట్ పే ద రెంట్" అని గట్టిగా దబాయించాలనుకున్న మనిషి, నోరు తిరక్క "ఐ వాంట్ పే ద రెంట్" అన్నాడనుకోండి, అవతలాయన సంతోషంగా అకౌంట్ నంబర్ పంపిస్తాడు.